విదేశీ ల్యాబ్‌లో పది వారాలు: పరిశోధన ఇంటర్న్ కుదురుకోవడానికి ఒక మార్గదర్శి

విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధన ఇంటర్న్‌షిప్ ఖాయమైందన్న మెయిల్ వచ్చిన రోజున ఎవరూ క్యాలెండర్ ముందు పెట్టుకొని లెక్క వేయరు. నిజానికి మొదట చేయవలసిన పని అదే. అమెరికాలో క్యాల్‌టెక్ విశ్వవిద్యాలయం నడిపే సర్ఫ్ అనే వేసవి పరిశోధన కార్యక్రమం 10 వారాలు ఉంటుంది, కెనడాలోని మైటాక్స్ సంస్థ గ్లోబలింక్ ఇంటర్న్‌షిప్ 12 వారాలు, జర్మనీలో డాడ్ సంస్థ ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్ రెండు మూడు నెలలు. పది వారాలదే తీసుకుందాం. మొదటి వారం గది తాళాలు, గుర్తింపు కార్డు, భద్రతా శిక్షణల కింద పోతుంది. రెండో వారం పేపర్లు చదవడానికి, పరికరం నేర్చుకోవడానికి సరిపోతుంది. చివరి రెండు వారాలను నివేదిక, ప్రసంగం, అప్పగింతలు తినేస్తాయి. మధ్యలో ఏదో ఒక యంత్రం మొరాయించడమో, తెప్పించిన రసాయనం ఆలస్యంగా రావడమో జరగక మానదు. అసలు పనికి మిగిలేవి ఐదారు వారాలు. తెలివితేటలు చాలక ఇంటర్న్‌షిప్ పాడుచేసుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు గానీ, ఈ ఐదారు వారాలను తెలియకుండానే మూడుకు కుదించుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను. కింద చెప్పినవన్నీ ఆ వారాలను కాపాడుకునే పద్ధతులే.

బయలుదేరే ముందు

వీసా ఏ తరగతిదో మీరే ఊహించి దరఖాస్తు పెట్టకూడదు. ఆహ్వానించిన సంస్థలోని అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయాన్ని అడిగి, వాళ్లు చెప్పే జవాబును మెయిల్‌లో రాయించుకోవాలి. ఎందుకంటే ఇంటర్న్ అనే మాట ఒక దేశంలో చదువు కిందికి, మరో దేశంలో ఉద్యోగం కిందికి, ఇంకోచోట అతిథి పరిశోధకుల కిందికి వస్తుంది. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగల షెంజెన్ దేశాలకు స్వల్పకాలిక వీసా మీద వెళ్తే ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు; దిగిన రోజు, తిరిగి బయలుదేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. 12 వారాలంటే 84 రోజులు. గది సర్దుకోవడానికి మూడు రోజులు ముందు వెళ్లి, పని అయ్యాక నాలుగు ఊళ్లు చూద్దామని ఇంకో వారం ఆగితే లెక్క 94కు చేరుతుంది, అంటే నిబంధన దాటినట్టే. ఆ వీసా మీద స్టైపెండ్ తీసుకొని పని చేయవచ్చా అన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే మెయిల్‌లో అడిగేయాలి.

అమెరికాకు జే-1 అనే మార్పిడి సందర్శకుల వీసా మీద వెళ్లేవాళ్లకు ఆతిథ్య సంస్థ పంపే డీఎస్-2019 పత్రం లేనిదే దరఖాస్తు కదలదు. ఆ పత్రంలో రాసిన ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు. కార్యక్రమం ముగిశాక మరో 30 రోజులు ఉండనిస్తారు గానీ, ఆ రోజుల్లో ల్యాబ్‌లో పని చేయడానికి వీల్లేదు. "ఇంకో వారం ఆగి ఆ చివరి గ్రాఫ్ పూర్తి చేసి వెళ్తాను" అనుకొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఇన్సూరెన్స్ విషయంలో కనీస మొత్తాలు నిబంధనల్లోనే ఉంటాయి. షెంజెన్ స్వల్పకాలిక వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. జే-1 వీసాదారులకు ఒక్కో ప్రమాదానికి లేదా అనారోగ్యానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్య బీమా ఉండాలి. అయితే మొత్తం చూసి పాలసీ కొనేయడం తొందరపాటు. ప్రయాణ బీమా పాలసీల్లో ఏవేవి వర్తించవో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. ముందు నుంచీ ఉన్న జబ్బులు, ల్యాబ్‌లో పని చేస్తూ తగిలిన దెబ్బలు అందులో ఉన్నాయేమో చూడాలి. ల్యాబ్ ప్రమాదాలకు, మీ చేతిలో ఖరీదైన పరికరం పాడైతే వచ్చే బాధ్యతకు ఆతిథ్య సంస్థ బీమా వర్తిస్తుందో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. మామూలుగా వాళ్ల దగ్గర దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది.

స్టైపెండ్ గురించి ఎంత అన్నది అందరూ అడుగుతారు, ఎప్పుడు అన్నది ఎవరూ అడగరు. చాలాచోట్ల మొదటి మొత్తం నెల పూర్తయ్యాకే వస్తుంది; కొన్నిచోట్ల స్థానిక బ్యాంకు ఖాతా తెరిచాక గానీ రాదు; ఆ ఖాతా తెరవాలంటే చిరునామా రుజువు కావాలి; చిరునామా రుజువు రావాలంటే గది ఒప్పందం కావాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా డబ్బు వాయిదా పడుతుంది. అందుకని ఆరు వారాల ఖర్చుకు సరిపడే సొమ్ము మీ అందుబాటులో ఉండేలా చూసుకొని బయలుదేరండి. గది విషయంలో ఒక్కటే మాట: చూడని గదికి, మాట్లాడని మనిషికి అడ్వాన్సు పంపకండి. విశ్వవిద్యాలయపు వసతి దొరకకపోతే, అదే ల్యాబ్‌లో గత ఏడాది పని చేసిన ఇంటర్న్ ఎక్కడ ఉన్నారో కనుక్కుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే అది జపాన్‌లోని 100 వోల్టులకైనా, ఉత్తర అమెరికాలోని 120కైనా, యూరప్‌లోని 230కైనా పనికొస్తుంది, ప్లగ్ ఆకారం మార్చే చిన్న అడాప్టర్ ఉంటే చాలు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, విమాన సంస్థ అనుమతి లేనిదే 100 వాట్-అవర్లకు మించకూడదు. రోజూ వేసుకొనే మందులకు డాక్టరు రాసిచ్చిన చీటీ, మందు అసలు పేరుతో సహా, వెంట ఉంచుకోవాలి. మీ కళాశాలకు ఎడ్యురోమ్ అనే, విశ్వవిద్యాలయాలు ఒకరికొకరు పంచుకొనే వైఫై సభ్యత్వం ఉంటే దాన్ని ఇంటి దగ్గరే ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ అమర్చి పరీక్షించుకోండి. అక్కడికి చేరాక అమర్చుకోవడానికే ఇంటర్నెట్ కావలసి వచ్చి, ఆ ఇంటర్నెట్ లేక గుమ్మంలో నిలబడిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

బయలుదేరడానికి నాలుగు వారాల ముందు మిమ్మల్ని ఆహ్వానించిన ప్రొఫెసర్‌కు ఒక మెయిల్ రాయండి. మన మెయిళ్లు సాధారణంగా కృతజ్ఞతలతో నిండిపోయి, అసలు ప్రశ్న చివరి వాక్యంలో దాక్కుంటుంది. ఇలా రాసి చూడండి: "నేను ఫలానా తేదీన ల్యాబ్‌లో చేరుతున్నాను. అప్పటిలోగా చదవవలసిన రెండు మూడు పేపర్లు సూచించగలరా? మీ బృందం విశ్లేషణకు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుంది? కంప్యూటర్ ఖాతాకు, ల్యాబ్ ప్రవేశానికి ముందుగా నింపవలసిన ఫారాలు ఉంటే పంపగలరా? రోజువారీ పనిలో నేను ఎవరిని సంప్రదించాలి?" నాలుగు ప్రశ్నలు, ఐదు వాక్యాలు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే మీకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

దిగిన మొదటి రోజులు

శరీరంలోని గడియారం కొత్త సమయానికి రోజుకు సుమారు గంట చొప్పునే జరుగుతుంది. తూర్పు దిక్కుకు ప్రయాణించినప్పుడు ఇంకా మెల్లగా. దాన్ని జరిపేది ముఖ్యంగా వెలుతురు. కాబట్టి ఆదివారం రాత్రి దిగి సోమవారం ఉదయం ల్యాబ్‌లో నిలబడేలా టికెట్ తీసుకోవడం పొదుపు కాదు. గురువారమో శుక్రవారమో చేరుకొని, పగలు ఆరుబయట నడిచి, సోమవారానికి కాస్త మనిషిలా తయారవడం మేలు. అయినా సరే, మొదటి మూడు నాలుగు రోజులు మళ్లీ దొరకని నమూనా మీద చేయి వేయకండి. నిద్ర చాలని కళ్లకు సీసా మీద లేబుల్ సరిగానే కనిపిస్తుంది, మెదడుకే అందదు.

ప్రభుత్వ కార్యాలయాల పనులకు గడువులు చిన్నవి. జర్మనీలో మూడు నెలలకు మించి ఉండేవాళ్లు ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేసుకోవాలి. జపాన్‌లో రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకూ గడువు 14 రోజులే. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలు దాటి ఉండేవాళ్లకు 5 రోజులు. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టంగా ఉండే ఊళ్లలో వీటిని బయలుదేరకముందే బుక్ చేసుకోవాలి. అదే పూట ఫోనులో అత్యవసర నంబరు కూడా ఎక్కించుకోండి: యూరోపియన్ యూనియన్ దేశాల్లో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, జపాన్‌లో అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119, పోలీసులకు 110. కొన్ని విశ్వవిద్యాలయాలకు సొంత అత్యవసర నంబరు వేరే ఉంటుంది. ల్యాబ్ తలుపు మీద అంటించిన కాగితంలో అది కనిపిస్తుంది. ఆ కాగితానికి ఒక ఫోటో తీసుకోండి. భవనం పేరు, గది నంబరు కూడా అందులో ఉంటాయి. కంగారులో ఫోన్ చేసినప్పుడు ఎవరికీ నోట రానివి అవే.

మనుషులతో

ఆహ్వాన పత్రం మీద సంతకం పెట్టిన ప్రొఫెసర్, మీకు రోజూ పని నేర్పే మనిషి చాలాసార్లు వేర్వేరు. రెండోవారు ఒక పీహెచ్‌డీ విద్యార్థో, పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడో, ల్యాబ్ టెక్నీషియనో అయి ఉంటారు. మీ ఇంటర్న్‌షిప్ ఎలా సాగుతుందన్నది ప్రొఫెసర్ పేరు ప్రతిష్ఠల కంటే ఈ రెండో మనిషి తీరిక మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఆయనకో ఆమెకో సొంత థీసిస్ ఉంది, గడువులు ఉన్నాయి. మీకు నేర్పే ప్రతి గంటా వాళ్ల పనిలోంచి తీసి ఇచ్చేదే. ఆ గంటను వృథా చేయకపోవడమే మీరు చూపగల మర్యాద. చూపించిన పద్ధతిని అక్కడే రాసుకోవాలి, ఆ రాతను సాయంత్రం సాపు చేసుకోవాలి, రెండోసారి మీరు చేస్తుంటే వాళ్లు చూసేలా ఏర్పాటు చేసుకోవాలి. మూడోసారి అదే అడగవలసిన అవసరం రాకూడదు.

ఎవరిని ఎలా పిలవాలన్న సందేహానికి తేలికైన మార్గం, వాళ్లు మీకు రాసిన మెయిల్ కింద ఏమని సంతకం పెట్టారో చూడటం. పూర్తి పేరు, పదవితో పెట్టినంతకాలం ప్రొఫెసర్ అని ఇంటిపేరుతో రాయండి. మొదటి పేరు మాత్రమే పెట్టడం మొదలుపెట్టాక మీరూ ఆ పేరుతో పిలవవచ్చు. సందేహం తీరకపోతే అడిగేయడమే. ఎవరూ నొచ్చుకోరు.

మొదటి సమావేశంలో మీకు కావలసినవి కొన్నే: ఈ ప్రాజెక్టులో తేల్చవలసిన ప్రశ్న ఏమిటి, ఏది చేతికి వస్తే పని పూర్తయినట్టు లెక్క, ఎంత తరచుగా కలవాలి, ప్రొఫెసర్ లేనప్పుడు ఎవరిని అడగాలి, ల్యాబ్‌లో సాయంత్రాలూ సెలవు రోజులూ ఒంటరిగా పని చేయవచ్చా. ఇందులో రెండో ప్రశ్న దగ్గర చాలామంది ప్రొఫెసర్లు ఒక క్షణం ఆగుతారు. వాళ్లకూ స్పష్టంగా లేదన్నమాట. ఆ ఆగడమే మీకు మంచి అవకాశం. అక్కడే కూర్చొని ఇద్దరూ కలిసి ఒక చిన్న లక్ష్యాన్ని ఖాయం చేసుకోండి. బయటికి వచ్చిన రోజే, "మన మాటల్లో నేను అర్థం చేసుకున్నది ఇది, తప్పుంటే సరిదిద్దండి" అని సగం పేజీ రాసి పంపండి. నా మొదటి ఇంటర్న్‌షిప్‌లో ఈ సగం పేజీ పంపలేదు. నాలుగో వారంలో తెలిసింది, నేను కొలుస్తున్నది, ఆయన కొలవమన్నది రెండూ వేర్వేరని.

ఇక అసలు సమస్య మౌనం. తెలియనిది అడిగితే చులకనైపోతామేమోనన్న భయంతో మూడు రోజులు తెర వైపు చూస్తూ కూర్చోవడం ఇంటర్న్‌లకు అలవాటు. ఐదారు వారాల పనిలో మూడు రోజులంటే పదో వంతు. దీనికి నేను వాడే పద్ధతి అరగంట నియమం. చిక్కు వచ్చిన వెంటనే పరుగెత్తి అడగవద్దు. అరగంట మీరే కుస్తీ పట్టండి, ఏమేమి ప్రయత్నించారో రాసుకోండి, తర్వాత ఆ కాగితం పట్టుకొని అడగండి. "కోడ్ పని చేయడం లేదు" అని చెప్తే ఎదుటివారు మీ కుర్చీలో కూర్చొని మొదటి నుంచి మొదలుపెట్టాలి. "నిన్నటి డేటాతో సరిగా నడిచింది, ఇవాళ్టి డేటాతో 40వ వరుస దగ్గర ఆగిపోతోంది, ఆ వరుసలో ఒక గడి ఖాళీగా ఉంది, ఖాళీ గడులను వదిలేయాలా, సున్నాగా తీసుకోవాలా?" అని అడిగితే వాళ్లు నిలబడే జవాబు చెప్పి వెళ్లిపోతారు. రెండో రకం ప్రశ్న అడిగేవాళ్లను ఏ ల్యాబ్‌లోనూ తెలివితక్కువవాళ్లనుకోరు. ఇంకో లాభం ఉంది: ప్రశ్నను అలా రాయబోయేసరికి సగంసార్లు జవాబు దానంతటదే దొరుకుతుంది.

గ్రూప్ మీటింగ్‌లో మొదటి రెండు వారాలు చాలా మాటలు అర్థం కావు, అది సహజం. అర్థం కాని పదాలను ఒక పక్క రాసుకొని, మీటింగ్ అయ్యాక మీకు రోజూ పని నేర్పే మనిషిని వాటిలో ఒక్కటే అడగండి. ప్రతివారం ఎవరో ఒకరు తమ ఫలితాన్ని చీల్చి చెండాడించుకోవడం కూడా చూస్తారు. అక్కడి విమర్శ పని మీద, మనిషి మీద కాదు; మీ వంతు వచ్చినప్పుడు ఆ సంగతి గుర్తుంటే రాత్రి నిద్ర పడుతుంది.

పరికరం మీద చేయి వేసే ముందు

భద్రతా శిక్షణ విసుగ్గా ఉంటుంది, అయినా దాన్ని మొదటి వారంలోనే ముగించాలి, ఎందుకంటే అది పూర్తయ్యేదాకా తలుపు తెరిచే అనుమతి రాదు. రసాయనాలతో పని చేసేవాళ్లు ప్రతి రసాయనానికీ ఉండే భద్రతా సమాచార పత్రాన్ని చదవడం నేర్చుకోవాలి. ప్రపంచమంతటా అది ఒకే వరుసలో 16 విభాగాలుగా ఉంటుంది. మొత్తం చదివే ఓపిక లేకపోతే నాలుగో విభాగంలోని ప్రథమ చికిత్స, ఏడో దానిలోని నిల్వ పద్ధతి, ఎనిమిదో దానిలోని గ్లవ్స్, కళ్లద్దాల వివరాలు, పదో దానిలో దేనితో కలిస్తే ప్రమాదమో చెప్పే భాగం చదవండి. ద్రవ నైట్రోజన్ వాడే ల్యాబ్‌లలో దాన్ని మోసుకొంటూ మనుషులు లిఫ్ట్ ఎక్కకూడదంటారు. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ఆ ద్రవం వాయువుగా మారితే దాదాపు 700 రెట్లు వ్యాపిస్తుంది. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతే ఆ చిన్న గదిలో ఆక్సిజన్ తరిగిపోతుంది, ఊపిరి అందడం లేదని తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. కారణం తెలిసిన నియమాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు కాబట్టి, శిక్షణలో కారణం చెప్పకుండా వదిలేసిన ప్రతి నియమానికీ కారణం అడగండి.

చేతి పనికి చిన్న పరీక్ష ఒకటుంది. ద్రవాన్ని కొలిచి తీసే పరికరం పిపెట్. మీకు ఇచ్చినదాన్ని 1,000 మైక్రోలీటర్లకు పెట్టి, నీళ్లు తీసి, తక్కెడ మీది చిన్న గిన్నెలో వదలండి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ నీరు ఇంచుమించు 1 గ్రాము తూగాలి. పదిసార్లు చేసి పది అంకెలూ రాసుకోండి. అన్నీ ఒకే పక్కకు జరిగితే పిపెట్‌ను అనుమానించాలి. అటూ ఇటూ చెదిరిపోతే మీ బొటనవేలిని. కంప్యూటర్ మీద పని చేసేవాళ్లకూ ఇలాంటి మొదటి పాఠం ఉంటుంది, నేను దాన్ని కష్టపడి నేర్చుకున్నాను. చాలా కంప్యూటర్లను కలిపి కట్టిన పెద్ద క్లస్టర్‌లోకి ప్రవేశించగానే మీరుండేది లాగిన్ నోడ్ మీద. అది అందరూ వచ్చిపోయే వరండా లాంటిది. లెక్కలు స్లర్మ్ వంటి షెడ్యూలర్‌కు అప్పగించాలి, అది ఖాళీగా ఉన్న యంత్రాలకు పంచుతుంది. ఇది తెలియక వరండాలోనే బరువైన ప్రోగ్రామ్ నడిపి, వందమంది పనిని నెమ్మదింపజేసి, ఖాతా ఒక రోజు మూయించుకున్నాను. మెయిల్ పంపిన నిర్వాహకుడు కోప్పడలేదు, కొత్తవాళ్లకు రాసి ఉంచిన రెండు పేజీల సూచనల లింకు మాత్రం పెట్టారు. చేరిన రోజునే చదివి ఉండవలసినవి.

రాత, తేదీలు, చుక్కలు

ల్యాబ్ నోట్‌బుక్ మీది కాదు, ల్యాబ్‌ది. మీరు వెళ్లిపోయాక దాన్ని చదివేది మీ తర్వాత వచ్చే మనిషి. పెన్నుతో రాయండి, పేజీలు చించవద్దు, తప్పు పోయిన చోట ఒక్క గీతతో కొట్టేసి కింద సరైనది రాయండి. విఫలమైన ప్రయత్నాలను కూడా రాయాలి. "పని చేయలేదు" అని కాకుండా, ఏ గాఢతతో, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ బ్యాచ్ రసాయనంతో పని చేయలేదో.

విదేశంలో అదనంగా రెండు ఉచ్చులు ఉంటాయి. మొదటిది తేదీ. 04/07 అని రాస్తే అమెరికాలో ఏప్రిల్ 7, యూరప్‌లో జులై 4. నెలా, రోజూ రెండూ 12 లోపే ఉన్నప్పుడు ఏది ఏదో ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో 2025-07-04 అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు. ఫైళ్ల పేర్లు కూడా ఆ తేదీతో మొదలుపెడితే వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి. రెండోది దశాంశ బిందువు. జర్మనీ వంటి దేశాల్లో చుక్కకు బదులు కామా వాడతారు. అక్కడ 1,5 అంటే ఒకటిన్నర, 1.500 అంటే పదిహేను వందలు. జర్మన్ భాషలో అమర్చిన ఎక్సెల్‌లో మీరు అలవాటుగా 1.5 అని టైపు చేస్తే అది మే నెల మొదటి తేదీగా మారిపోతుంది. నవ్వుకోవలసిన సంగతి కాదిది. ఎక్సెల్ పేర్లను తేదీలుగా మార్చేస్తోందన్న కారణంతోనే 2020లో మానవ జన్యువుల నామకరణ కమిటీ మార్చ్1 వంటి పేర్లను మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్1 వంటివాటిని సెప్టిన్1గా మార్చవలసి వచ్చింది. ల్యాబ్ కంప్యూటర్‌లో మొదటి అంకె టైపు చేసే ముందే ఆ అమరిక ఏమిటో చూసుకోండి.

డేటాకు మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరే భవనంలో. అయితే ఆ వేరే చోటు మీ సొంత డ్రైవ్ కావడానికి ముందు అనుమతి తీసుకోవాలి. రోగుల సమాచారం, కంపెనీలతో కలిసి చేసే ప్రాజెక్టులు, కొన్ని దేశాల్లో ఎగుమతి నియంత్రణ చట్టాల కిందికి వచ్చే సాంకేతిక వివరాలు ల్యాబ్ గడప దాటకూడదు. మంచి ఉద్దేశంతో చేసినా అది నేరమయ్యే సందర్భాలు ఉన్నాయి.

సగం దారిలో

నాలుగో వారం చివర ఒక సమావేశం మీరే అడిగి పెట్టించుకోండి. అందులో చూపవలసింది ఒకే ఒక్క గ్రాఫ్, అది అసంపూర్ణంగా ఉన్నా ఫరవాలేదు. అడగవలసింది ఒకే ఒక్క ప్రశ్న: మిగిలిన రోజుల్లో దేన్ని వదిలేయాలి? కొత్తగా ఏం చేర్చాలని అడిగితే ప్రతి ప్రొఫెసరూ సంతోషంగా మూడు సూచిస్తారు, అందులో తప్పేమీ లేదు, వాళ్ల పనే అది. వదిలేయడం గురించి మీరే ఎత్తాలి. మూడు నమూనాలు అనుకున్నది ఒక నమూనాకు తగ్గినా, ఆ ఒక్కదాన్ని మూడుసార్లు నమ్మకంగా కొలిస్తే దాని విలువ ఎక్కువ. అనుకున్న ప్రభావం కనిపించకపోవడం కూడా ఫలితమే, కొలత గట్టిగా ఉంటే.

సాయంత్రాల సంగతి. మూడో వారం ప్రాంతంలో కొత్తదనం తగ్గి, దిగులు మొదలవుతుంది. ప్రతి రాత్రీ గంటలకొద్దీ ఇంటికి ఫోన్ చేస్తే తగ్గుతుందనిపిస్తుంది గానీ, నిద్ర పాడై మర్నాటి పని దెబ్బతిని దిగులు రెట్టింపవుతుంది. వారానికి రెండు మూడు రోజులు ఒక సమయం పెట్టుకొని మాట్లాడటం ఇద్దరికీ సుఖం. మధ్యాహ్నం భోజనానికి ల్యాబ్‌వాళ్లు పిలిస్తే పని ఉన్నా వెళ్లండి. ఏ పరికరం ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, ఎవరి దగ్గర ఏ కోడ్ ఉందో ఆ బల్ల దగ్గరే తెలుస్తుంది. వాళ్లు తమ భాషలో మాట్లాడుకొంటూ ఉంటే వెలివేశారనుకోవద్దు. అర్థం కాలేదని ఒక్కసారి నవ్వుతూ చెప్తే మారతారు. దిగులు రెండు వారాలు దాటి తిండి, నిద్రల మీదికి వస్తే మాత్రం విశ్వవిద్యాలయపు కౌన్సెలింగ్ విభాగానికి వెళ్లండి. ఇంటర్న్‌లకు కూడా ఆ సౌకర్యం ఉందా అని చేరినప్పుడే అడిగి ఉంచుకోవాలి.

చివరి రెండు వారాలు

ముగింపుకు రెండు వారాల ముందు కొత్త ప్రయోగాలు ఆపేయండి. చేతికి దగ్గరగా వచ్చిన ఫలితం ఊరిస్తుంది, అయినా ఆపాలి. ఆ సమయంలో మొదలుపెట్టినది పూర్తి కాదు, రాయవలసినది మిగిలిపోతుంది.

పేపర్‌లో మీ పేరు ఉంటుందా అన్న ప్రశ్న అడగడానికి సిగ్గుపడనవసరం లేదు, డిమాండు చేసే హక్కూ లేదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయితకు నాలుగు షరతులు పెట్టింది: పని రూపకల్పనలోనో డేటా సేకరణ, విశ్లేషణలలోనో గణనీయమైన పాలు, వ్యాసం రాయడంలో లేదా దిద్దడంలో పాలు, తుది ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీ. నాలుగూ ఉండాలి. ఆ రంగం వెలుపల పద్ధతులు మారుతాయి గానీ మాట మొదలుపెట్టడానికి ఇవి మంచి ఆధారం. "వ్యాసం రాసే దశలో నేను ఏ భాగంలో సాయపడగలను?" అని అడిగితే రెండో షరతుకు దారి తెరుచుకుంటుంది. సిఫారసు లేఖ కావాలంటే అక్కడ ఉండగానే అడగండి; మీరు చేసినవాటిని తేదీలతో ఒక పేజీలో రాసి ఇస్తే, ఏడాది తర్వాత ఆ లేఖ రాయవలసి వచ్చిన మనిషికి మీరు గుర్తుండిపోతారు.

తాళాలు, కార్డు, గ్రంథాలయ పుస్తకాలు తిరిగి ఇవ్వడం, చిరునామా నమోదు రద్దు, గది అడ్వాన్సు ఏ ఖాతాలోకి రావాలో రాసివ్వడం వంటివి ఆఖరి రోజుకు పెట్టుకోకండి. బ్యాంకు ఖాతాను చివరి స్టైపెండు, అడ్వాన్సు రెండూ వచ్చాకే మూయండి.

మిగిలేది అప్పగింత పత్రం. ఏ ఫైలు ఎక్కడ ఉంది, ఏ క్రమంలో నడపాలి, ఏ నమూనా ఫ్రీజర్‌లో ఏ అరలో ఉంది, ఏది ఇంకా నమ్మకంగా లేదు అన్నవి అందులో ఉండాలి. రాయడం అయ్యాక దాన్ని ఆ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని ఒక ల్యాబ్ సభ్యుడి చేతికి ఇచ్చి, మీ ఎదుటే మొదటి నుంచి చేయమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం తెరవకండి. ఆయన ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో అక్కడ పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకోండి, సాయంత్రం ఆ వాక్యాలన్నీ తిరగరాయండి, మర్నాడు మరొకరితో చేయించండి. ఎవరూ మీ వైపు చూడకుండా చివరిదాకా చేయగలిగిన రోజున సూట్‌కేసు సర్దుకోవచ్చు.